హాయిగా ఉండవలసిన పది రోజులు

మా అమ్మాయి పిల్లల్ని దింపడానికి వచ్చినప్పుడు పిల్లల చేతుల్లో రెండు సంచులు, దాని చేతుల్లో మూడు సంచులు ఉన్నాయి. పిల్లల సంచుల్లో బట్టలున్నాయి. దాని సంచుల్లో నేనున్నాను. నేనంటే ఇప్పుడున్న నేను కాదు, రేపట్నుంచి ఉండవలసిన నేను.

ఒక ఉన్ని శాలువా, మీగడ రంగుది. మూడు ఊలు ఉండలు, రెండు అల్లిక పుల్లలు. కళ్ళజోడుకి తగిలించుకునే గొలుసు. ఒక వెదురు బుట్ట, ఖాళీది, ఎందుకో తెలియదు. రెండు పెద్ద మట్టి కప్పులు. అన్నిటికీ అడుగున, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఒక కాయితం. పైన "అమ్మమ్మతో హాయిగా ఆకురాలు కాలం" అని పెద్దక్షరాలు. కింద ఇరవై ఒక్క అంశాలు. ఒక్కోదాని పక్కన టిక్కు పెట్టడానికి ఒక చిన్న గడి.

"ఇదేంటే?" అన్నాను.

"స్కూలు ప్రాజెక్టమ్మా. ఈ పది రోజుల సెలవుల్లో పిల్లలు అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో హాయిగా గడపాలి. ఆ హాయికి ఫోటోలు తీసి ఆల్బం చెయ్యాలి. ఫస్ట్ వచ్చినవాళ్ళకి ప్రైజుగా కప్పు ఇస్తారు."

"హాయిగా ఉంటే ఫోటోలెవరు తీస్తారు?"

"నువ్వే. నేను వీడియో కాల్లో చెబుతుంటాను కదా, కంగారు పడకు."

దాని తప్పని నేననను. అది చేసే ఉద్యోగం అలాంటిది. ఒక పెద్ద ఆఫీసులో ఉద్యోగులు సంతోషంగా ఉన్నారో లేదో కనుక్కోవడం దాని పని. నెలనెలా అందరికీ ఒక ఫారం పంపుతుంది. సంతోషంగా ఉన్నామని టిక్కు పెట్టనివాళ్ళని లోపలికి పిలిచి ఒక గంట మాట్లాడుతుంది. మరుసటి నెల వాళ్ళూ పెట్టేస్తారు. ఆ ఆఫీసంత సంతోషమైన ఆఫీసు ఇంకోటి లేదని దానికి రెండుసార్లు సన్మానం కూడా జరిగింది.

"ఇంకో మాటమ్మా," అని గొంతు తగ్గించింది. అది గొంతు తగ్గించిందంటే నా గుండెల్లో రాయి పడుతుంది. "పోయినేడు అత్తయ్యగారింట్లో చేసిన ఆల్బంకి సెకండ్ వచ్చింది. ఒక ఏడు అక్కడ, ఒక ఏడు ఇక్కడ అయితే పిల్లలకి నిలకడ ఉండదని వాళ్ళ టీచరు అంటోంది. ఒకే ఇంటికి అలవాటు చెయ్యమంది. అందుకని ఈసారి ఎలా వస్తుందో చూసి..."

"చూసి?"

"ఫస్ట్ వస్తే ఇకనుంచి సెలవులన్నీ ఇక్కడే. లేకపోతే అక్కడే."

చాలా మామూలుగా చెప్పింది. అద్దె ఇల్లు మారే సంగతి చెప్పినట్టు చెప్పింది. వాళ్ళ అత్తగారిల్లు వాళ్ళకి నాలుగు వీధుల అవతలే, ఆవిడ ప్రతి ఆదివారం పిల్లల్ని చూసుకుంటుంది. నాకు వాళ్ళు రెండేళ్ళకోసారి వచ్చే పది రోజులే. మిగతా రోజుల్లో ఫోన్లో నాకు వాళ్ళ నుదుళ్ళు మాత్రం కనబడతాయి. ఆ పది రోజులు కూడా పోతే ఇక నుదుళ్ళే. అరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి నాకు, నా ముందు ఎన్ని సెలవులున్నాయో లెక్క తేలికే. అందుకని నోరు మూసుకుని ఆ కాయితం తీసుకున్నాను. నేను నోరు మూసుకోవడం మా సందులో ఎవరూ చూసి ఉండరు.

నేను కుట్టుమిషన్ల మెకానిక్కుని. నలభై ఒక్క ఏళ్ళుగా ఇదే పని. మా ఆయన బతికున్న రోజుల్లో ఆయన బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళతో మాట్లాడేవారు, నేను వెనక కూర్చుని మిషన్లు బాగు చేసేదాన్ని. చాలామంది మెకానిక్కు ఆయనే అనుకునేవారు. ఆయన కూడా కొంతవరకూ అలాగే అనుకునేవారు. ఇంటి ముందుగదే షాపు. ఆకులు రాలడం మొదలైందంటే నాకు ఊపిరాడదు. చలి బట్టలు కుట్టించుకోవడానికి జనం టైలర్ల మీద పడతారు, ఏడాదంతా నూనె చుక్క వెయ్యని టైలర్లు మిషన్లు మోసుకుని నా మీద పడతారు.

"షాపు తలుపు వేసే ఉంచమ్మా," అంది మా అమ్మాయి వెళ్ళబోతూ. "ఫోటోల్లో మిషన్లు పడకూడదు. ఇరవై ఒక్కటిలో మిషను లేదు." దానికి చిన్నప్పట్నుంచీ నా పనంటే చిన్నచూపే, ఆ మాట నాకు కొత్త కాదు.

పిల్లల సంగతి చెప్పలేదు కదూ. పెద్దదానికి తొమ్మిదేళ్ళు. మాటకి మాట అంటుంది, ఒక్కోసారి మనం మాట అనకముందే దానికి జవాబు కూడా ఇచ్చేస్తుంది. దాన్ని లాయరమ్మ అంటాను. చిన్నదానికి ఆరు. సందు దొరికితే దూరుతుంది, చేతికందింది కొరికి చూస్తుంది. అది చిట్టెలుక.

మొదటి అంశం రాలిన ఆకులు ఏరడం. మా సందులో ఉన్నవి రెండే చెట్లు. ఒకటి ఏడాది పొడుగునా ఒక్క ఆకు రాల్చదు, నాలాగే మొండిది. రెండోది రాలుస్తుంది కానీ, ఊడ్చే ఆమె ఆరింటికల్లా వచ్చి శుభ్రం చేసేసి పోతుంది. మేము లేచి, జడలేసుకుని, బుట్ట పట్టుకుని బయటికి వచ్చేసరికి సందు అద్దంలా మెరుస్తోంది.

లాయరమ్మ కాయితం చూసి, "కనీసం మూడు రంగులుండాలని రాశారు అమ్మమ్మా," అంది.

ఊడ్చే ఆమెని బతిమాలాను. మర్నాడు ఆమె పక్కవీధుల్లో ఊడ్చిన ఆకులన్నీ గోనెసంచికెత్తి తెచ్చి మా గుమ్మం ముందు గుమ్మరించింది. ఆకులతో పాటు ఒక చెప్పు, రెండు పాల కవర్లు, ఎవరిదో కరెంటు బిల్లు కూడా వచ్చాయి. "మిషనమ్మా, ఊడ్చినవి మళ్ళీ తెచ్చి పొయ్యడం ఇదే మొదటిసారి నాకు," అంది. అంటూ చీపురు పట్టుకుని పక్కనే నిలబడింది.

కుర్చీ మీద నిలబెట్టిన ఫోన్లోంచి మా అమ్మాయి చెబుతోంది. పిల్లలు ఆకుల్ని పైకి విసరాలి, విసిరి నవ్వాలి, నేను వెనక నిలబడి వాళ్ళని మురిపెంగా చూడాలి. పిల్లలు విసిరినప్పుడు నవ్వలేదు. నవ్వినప్పుడు ఆకులు అప్పటికే కింద పడిపోయాయి. రెండూ కుదిరినప్పుడు చెప్పు కూడా పైకి లేచింది. పధ్నాలుగోసారికి నా తల ప్రాణం తోకకి వచ్చింది.

"మీ నవ్వులు అయితే చెప్పండి, నేను ఊడ్చుకోవాలి," అంది ఊడ్చే ఆమె.

సూపు సంగతి ఇంకా ముచ్చటైనది. నాలుగో అంశం: కిటికీ పక్కన, పొగలు కక్కే సూపు, మట్టి కప్పుల్లో. సూపు కాచాను. పొగ నా కంటికి కనబడుతోంది కానీ ఫోను కంటికి కనబడటం లేదట. మళ్ళీ వేడి చేశాను. మళ్ళీ కనబడలేదు. మూడోసారికి అది సూపు కాదు, పోస్టర్లంటించే జిగురు. చివరికి లాయరమ్మ వెళ్ళి పక్కింటి టైలరు మాస్టారి ఆవిరి ఇస్త్రీపెట్టె పట్టుకొచ్చింది, వెనకే ఆయన కూడా వచ్చాడు. బల్లకింద కూర్చుని ఆయన ఆవిరి వదులుతుంటే, పైన మేము ముగ్గురం కప్పులు పట్టుకుని హాయిగా ఉన్నాం. ఫోటో అద్భుతంగా వచ్చింది. సూపు మాత్రం ఎవరూ నోట పెట్టలేదు.

"ప్రైజులో నా ఇస్త్రీపెట్టెకి కూడా వాటా ఉండాలండీ మిషనమ్మగారూ," అని బల్లకింద నుంచి లేస్తూ నడుం పట్టుకున్నాడు మాస్టారు.

అల్లిక నాకు రాదు. పుల్లలు చేత్తో పట్టుకోగానే మా అమ్మాయి ఫోన్లోంచి, "స్క్రూడ్రైవరు పట్టుకున్నట్టు పట్టుకోకమ్మా," అంది. పట్టు మార్చాను. "మొహంలో కాస్త మమకారం కనబడాలి," అంది.

"మమకారం ఉందే. మొహంలోకి రావడం లేదు."

"కోపంగా ఉన్నట్టున్నావు."

"కోపం కాదు, ఇది నా మొహం."

నీతి ఉన్న కథ చెప్పాలని తొమ్మిదో అంశం. దుప్పటి కింద దీపం పెట్టుకుని చెప్పాను. ఒక ఊళ్ళో ఒక టైలరు, వాడు మిషనుకి ఏనాడూ నూనె వెయ్యలేదు, ఒకరోజు పెళ్ళిబట్టలు కుడుతుండగా మిషను బిగుసుకుపోయింది, పెళ్ళికొడుకు ఒకే చెయ్యి ఉన్న కోటుతో పెళ్ళి చేసుకున్నాడు. నీతి, నెలకోసారి నూనె వెయ్యాలి.

"ఇది నీతి కాదమ్మమ్మా, సలహా," అంది లాయరమ్మ.

"రెండూ ఒకటే. నీతి అని చెబితే ఎవరూ వినరు, అంతే తేడా."

చిట్టెలుకకి మాత్రం కథ నచ్చింది. "బిగుసుకుపోతే లోపల ఏమవుతుంది?" అని అడిగింది. అక్కడే వచ్చింది చిక్కు.

మర్నాడు మాస్టారు తన మిషను తెచ్చి పడేశాడు, కుట్టు మధ్యమధ్యలో జారిపోతోందని. షాపు తలుపు వేసుకుని లోపల పని మొదలుపెట్టాను. కాసేపటికి తలుపు సందులోంచి ఒక కన్ను కనబడింది, దాని పైన ఇంకో కన్ను. నేను రమ్మనలేదు. పొమ్మనీ అనలేదు. అనాలని నోటిదాకా వచ్చింది కానీ, పది రోజుల్లో మూడు అప్పుడే అయిపోయాయి. ఉన్న ఏడు రోజుల్లో ఒక పూట కూడా తలుపు అవతల పెట్టడానికి నాకు మనసొప్పలేదు. రండి అన్నాను.

నా పనికి ఒక పద్ధతుంది. మిషను విప్పేముందు నేల మీద తెల్లబట్ట పరుస్తాను. విప్పిన ప్రతి ముక్కా విప్పిన వరుసలోనే ఎడమ నుంచి కుడికి పెడతాను. బిగించేటప్పుడు కుడి చివర్నుంచి మొదలుపెట్టి వెనక్కి వస్తాను. బట్ట ఖాళీ అయిందంటే మిషను పూర్తయింది. ఇన్నేళ్ళలో నా బట్ట మీద ఒక్క స్క్రూ మిగల్లేదు.

నేను విప్పుతుంటే చిట్టెలుక అందుకుని బట్ట మీద పెట్టేది. లాయరమ్మ పక్కన కూర్చుని ఏది దేని తర్వాతో పైకి చెప్పేది, కోర్టులో సాక్ష్యం చదివినట్టు. బట్టని ముందుకు తోసే పళ్ళ కింద గట్టిపడిపోయిన పీచుముద్ద ఉంది, నా వేలు దూరడం లేదు. చిట్టెలుక వేలు దూరింది. బయటికి లాగి, బొద్దింకని పట్టినంత గర్వంగా చూపించింది. మాస్టారి మిషను ఆ పూటే గాడిలో పడింది.

ఆ రోజునుంచీ మాకు రెండు కాపురాలు. పొద్దున ఒక గంట కాయితం కోసం హాయిగా ఉండేవాళ్ళం. శాలువా కప్పుకోవడం, నవ్వడం, టిక్కు పెట్టడం. తర్వాత శాలువా తీసి అవతల పారేసి ముందుగదిలో చేరేవాళ్ళం. బయట గాలికి ఆకులు రాలి తలుపు కిందనుంచి లోపలికి వచ్చేవి, వాటిని ఎవరూ ఏరలేదు. పిల్లల జడలకి ముక్కలు కడిగే కిరసనాయిలు వాసన పట్టింది. గోళ్ళు నల్లబడ్డాయి. ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకుంటూ, స్ప్రింగు ఎక్కడికో ఎగిరిపోతే ముగ్గురం బోర్లా పడుకుని బల్లలకింద వెతుక్కుంటూ ఉండేవాళ్ళం. నా జన్మలో అంత సుఖపడలేదు. చెప్పడానికి సిగ్గెందుకు.

ఎనిమిదో రోజు బాగైన మిషను ఒకటి అప్పజెప్పి రావడానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఇద్దరూ కలిసి ఇంకో మిషను మొత్తం విప్పేశారు. నేల మీద ముక్కలన్నీ ఎడమ నుంచి కుడికి, ఒక్కటి తప్పకుండా, వరుసగా ఉన్నాయి. మురిసిపోతూ వంగి చూశాను. ఆ ముక్కలకింద ఉన్నది మీగడ రంగు శాలువా.

"తెల్లబట్ట ఉతికి ఆరేశావు కదమ్మమ్మా, ఇంకా తడిగా ఉంది," అంది లాయరమ్మ. "తడిబట్ట మీద పెడితే తుప్పు పడుతుందని నువ్వే అన్నావు."

అన్నాను. తిట్టడానికి నోరు తెరిచాను కానీ ఏమని తిట్టను? వరుస తప్పు లేదు, కారణం తప్పు లేదు. బట్టే తప్పు. సబ్బు పెట్టాను, పొడి చల్లాను, వేణ్ణీళ్ళు పోశాను. మిషన్ నూనె మరక పడితే ఆ బట్టని మర్చిపొమ్మని నలభై ఏళ్ళుగా టైలర్లకి చెబుతున్నదాన్ని నేనే. మరకలు పోలేదు సరికదా, కడిగాక ఇంకా స్పష్టంగా తేలాయి. చిన్న గుండ్రాలు, పెద్ద గుండ్రాలు, ఒక పొడుగు గీత. మిషను తెలిసినవాళ్ళెవరైనా చూస్తే ఏది ఏ ముక్కో చెప్పేయగలరు.

ఆ సాయంత్రమే ఫోను. "శాలువా జాగ్రత్తమ్మా, అది మా అత్తయ్యగారిది. స్కూల్లో ఆల్బంల ప్రదర్శన రోజు నువ్వది కప్పుకుని రావాలి. ఆవిడ కూడా వస్తున్నారు."

నేను కక్కలేక మింగలేక ఊఁ అన్నాను. చిట్టెలుక నా వంక బిక్కమొహం వేసుకుని చూస్తోంది. మరకలవైపు లోపలికి మడిచి కప్పుకుంటే బయటికి తెలియదని లాయరమ్మ తీర్పు చెప్పింది.

ప్రదర్శన స్కూలు హాల్లో పెట్టారు. వరుసగా బల్లలు, బల్లకో ఆల్బం, ఆల్బం పక్కన కుర్చీ, కుర్చీలో ఒక ముసలమ్మ. మేము కూడా ప్రదర్శనలో భాగమట. ఇరవై ఆరుగురం ఉన్నాం. అందరి మెడల్లోనూ కళ్ళజోడు గొలుసులు, అందరి ఒళ్ళోనూ ఊలు ఉండలు. ఏ ఉండ చూసినా షాపులోంచి వచ్చిన చుట్టు విప్పలేదు. పక్క కుర్చీలో ఆవిడ ఒళ్ళో పిల్లి కూడా ఉంది. "ఎవరిదో తెచ్చి పెట్టారండీ, సాయంత్రం ఇచ్చెయ్యాలి," అని నా చెవిలో చెప్పింది. పిల్లి పారిపోకుండా రెండు చేతులతో నొక్కి పట్టుకుంది, ఫోటోకి మాత్రం నిమురుతున్నట్టే ఉంటుంది.

మా వియ్యపురాలు తిన్నగా నా దగ్గరికే వచ్చింది. "బావున్నారా వదినగారూ," అంటూ ఆప్యాయంగా శాలువా సర్దబోయింది. అంచు తిరగబడింది. ఆ గుండ్రాలన్నీ బయటపడ్డాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆవిడ అటూ ఇటూ చూసి అంచు మళ్ళీ లోపలికి మడిచేసింది. పక్కనే వంగి, "ఇది నాది కాదు వదినగారూ," అంది. "పోయినేడు ప్రాజెక్టు కోసం కోడలే నాకు కొనిపెట్టింది. కప్పుకుంటే ఒళ్ళంతా ఒకటే దురద. మరకలు చేసి పుణ్యం కట్టుకున్నారు."

"మరి మీరల్లిన స్కార్ఫు? పోయినేటి ఆల్బంలో చూశానే."

"నేను ముప్పై ఏళ్ళు కోర్టులో టైపు కొట్టినదాన్ని. అల్లికేంటి, బొత్తాం కూడా కుట్టలేను. అది బజార్లో కొన్నదే." నవ్వింది. "ఈసారి మీరే గెలవాలి. పోయినేడు పది రోజులు నవ్వీ నవ్వీ నా దవడలు పడిపోయాయి. పిల్లలు ఎలాగూ ఆదివారాలు వస్తారు నాకు, ఆ రోజు కాయితం ఉండదు."

ఇన్నేళ్ళూ ఆవిడ పేరు చెబితే పళ్ళు నూరినదాన్ని. ఆ క్షణంలో ఆవిడ చెయ్యి పట్టుకోవాలనిపించింది, పట్టుకున్నాను కూడా.

ఆల్బం గురించి పిల్లలు ఒక్కొక్కరే వేదిక మీదికెక్కి మాట్లాడాలి. లాయరమ్మ ఎక్కింది. మైకు ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

"మా అమ్మమ్మ చేతులు దూదిలా ఉంటాయి," అని మొదలుపెట్టింది. "ఆ చేతులతో మా తల నిమురుతూ కథలు చెబుతుంది. మా అమ్మమ్మ ఎప్పుడూ ఎవరి మీదా కోప్పడదు. ఆమె ఒళ్ళో పడుకుంటే మంచి సబ్బు వాసన వస్తుంది. కిటికీ బయట ఆకులు రాలుతుంటే ఆమె మాకోసం స్వెట్టరు అల్లుతూ ఉంటుంది. మాకు ప్రపంచంలో ఇంకేమీ అక్కర్లేదు."

హాలు మొత్తం కరిగిపోయింది. టీచరు కళ్ళొత్తుకుంది. పిల్లి ఆవిడ ముక్కు చీదింది. నేను నా చేతుల వంక చూసుకున్నాను. దూది కాదు, ఇనుము అరగదీసే ఆకురాయి. దొంగ ఫోటోలు తీసినప్పుడు నాకు నవ్వొచ్చింది, విసుగొచ్చింది, ఏడుపు మాత్రం రాలేదు. అప్పుడు వచ్చింది. తొమ్మిదేళ్ళ పిల్ల ఇంత చక్కటి అమ్మమ్మని ఎక్కణ్ణుంచి తెచ్చింది? లోపల కావాలని లేకపోతే అంత బాగా ఎలా చెబుతుంది? ముందుగదిలో నా పక్కన కూర్చున్నన్ని రోజులూ దాని మనసు ఆ దూది చేతులావిడ దగ్గరే ఉందన్నమాట. నేనే పిచ్చిదాన్ని, సంబరపడిపోయాను.

ఫస్ట్ మాకే వచ్చింది. నాకు సంతోషం కలగలేదు. అందరూ చప్పట్లు కొట్టారు కాబట్టి నేనూ కొట్టాను.

జనం తగ్గాక లాయరమ్మ నన్ను చెయ్యి పట్టుకుని వరండాలో కుళాయి దగ్గరికి లాక్కెళ్ళింది, చిట్టెలుక వెనకే వచ్చింది. అక్కడికి చేరగానే పెద్దది నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏంటమ్మమ్మా అది? నేను మాట్లాడుతుంటే అలా ఏడుపు మొహం పెట్టావేంటి? కాస్త నవ్వితే ఏం పోయింది?"

"నీకు అలాంటి అమ్మమ్మ కావాలా?" అన్నాను. ఆపుకుందామనుకున్నాను, నోరు ఆగలేదు.

"ఎలాంటి అమ్మమ్మ? ఆ సబ్బు వాసనావిడా? ఆవిడతో పది రోజులుంటే విసుగెత్తి చచ్చిపోతాం. అదంతా మూడు రోజులు కూర్చుని బట్టీ పట్టాను, తెలుసా? నిజం చెబితే ఫస్ట్ రాదు. ఫస్ట్ రాకపోతే మీ ఇంటికి పంపరు. ఇద్దరం కష్టపడితేనే కదా పని అయ్యేది, అంతా నా ఒక్కదాని మీదే వదిలేస్తే ఎలా?"

నా జీవితంలో చాలామంది నన్ను తిట్టారు. అంత కమ్మటి తిట్టు ఎవరూ తిట్టలేదు. దాన్ని దగ్గరికి లాక్కున్నాను. లాక్కుంటూ తల తిప్పి చూస్తే, గెలిచిన కప్పు చంకలో పెట్టుకుని మా అమ్మాయి నిలబడి ఉంది. మొత్తం విన్నదని దాని మొహమే చెబుతోంది.

అయిపోయింది అనుకున్నాను. వచ్చిన సెలవులు వచ్చినట్టే పోయాయి.

"ఏం నిజం?" అంది మెల్లగా.

లాయరమ్మ జీవితంలో మొదటిసారి మాట తడుముకుంది. చిట్టెలుకకి ఆ అలవాటు లేదు. "మేం ఏడు మిషన్లు విప్పాం అమ్మా. ఒక్క స్క్రూ కూడా మిగల్లేదు. పీచు తీసింది నేనే," అని రెండు చేతులూ చాపి చూపించింది. గోళ్ళ సందుల్లో నలుపు ఇంకా అలాగే ఉంది.

మా అమ్మాయి కప్పు కింద పెట్టి, దాని ముందు వంగి, ఒక్కొక్క వేలే తిప్పి చూసింది. నేను సమాధానాలు సిద్ధం చేసుకుంటున్నాను. చేతులు కడిగించానని, సూదులు ముట్టుకోనివ్వలేదని, కాయితంలో ఒక్క టిక్కు కూడా తప్పలేదని.

"నన్నెప్పుడూ మిషను ముట్టుకోనివ్వలేదే నువ్వు," అంది.

దానికి నేను సిద్ధపడలేదు. "నీ చేతులు నాలా అవకూడదనుకున్నానే," అన్నాను. "అయినా నీకు ఆ కిరసనాయిలు వాసన పడదు కదా."

"పడదని నేనెప్పుడు చెప్పానమ్మా?" కళ్ళెత్తి నన్ను చూసింది. "సెలవులొస్తే చాలు, పొద్దుటినుంచీ వచ్చి ఆ ముందుగది గుమ్మంలో కూర్చునేదాన్ని. నువ్వు తలెత్తితే లోపలికి పిలుస్తావేమోనని. నువ్వు తలెత్తినప్పుడల్లా ఒకటే మాట, పో, వెళ్ళి చదువుకో అని."

నిజమే, అనేదాన్ని. మంచికే అన్నాననుకున్నాను. అది గుమ్మంలో ఎందుకు కూర్చుందో ఒక్కసారి కూడా అడగలేదు. మనవరాళ్ళ పది రోజుల కోసం రాని నవ్వు నవ్వాను, రాని అల్లిక అల్లాను, ఊడ్చిన ఆకులు తిరిగి పోయించాను. నా కూతురి సెలవులు ఏళ్ళకేళ్ళు నా కళ్ళముందే ఆ గుమ్మంలో అయిపోతుంటే, తల వంచుకుని ఎవరెవరివో మిషన్లు బాగు చేస్తూ కూర్చున్నాను.

"వచ్చే సెలవులకి లీవు పెట్టి నేనూ రానా?" అని అడిగింది. పిల్లల తల్లి, ఆఫీసులో అంతమందిని లోపలికి పిలిచి మాట్లాడే మనిషి, నా దగ్గర అనుమతి అడిగినట్టు అడిగింది.

చేతులు మురికవుతాయే అనబోయి, నాలుక కరుచుకున్నాను.